ఫిలింనగర్‌లో తీసిన రెండు నిమిషాల బొమ్మ

మా భీమవరంలో ఇప్పుడు నడుస్తున్న కథ ఇది: మా అన్నయ్య కూతురు సలోమికి నార్వేలో పరిశోధన చేసే అవకాశం సినిమావాళ్ల పలుకుబడితో వచ్చిందట. నేను ఫిలింనగర్ వెళ్లి ఎవరో పెద్ద హీరో కాళ్ల మీద పడ్డానట, ఆయన ఒక్క ఫోను కొట్టాడట, పని అయిపోయిందట. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, "ప్రమీల గారూ, ఆ హీరో గారితో మా వాడి గురించి కూడా ఒక ముక్క చెప్పిద్దురూ" అంది.

"నార్వే చేపలేమైనా ఆయన అభిమాన సంఘంలో ఉన్నాయా అండీ?" అన్నాను.

అప్పట్నుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు. కథ చెప్పడం మాత్రం మానలేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. హైదరాబాదులో ఉన్న మూడు రోజుల్లో నేను ఒక్క హీరోని కూడా చూడలేదు. హీరోల గోడలు చూశాను. ఆ గోడల పక్కన, తమకంటే బలంగా ఉన్న కుక్కలు లాక్కుపోతుంటే వాటి వెనక పరుగెత్తే పనివాళ్లను చూశాను. అంతే.

అసలు వెళ్లింది దేనికంటే, మా అన్నయ్యకు రొయ్యల చెరువులున్నాయి. ఒక చెరువులో రొయ్య ఉన్నట్టుండి చచ్చి గట్టుకు కొట్టుకొస్తుంది. గట్టు అవతలి చెరువులో అదే నీరు, అదే సీడు పిల్ల, అదే మేత; అక్కడ నిక్షేపంగా పెరుగుతుంది. ఎందుకో ఎవరికీ తెలియదు. సలోమి హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతూ, ఆ రెండు చెరువుల బురదలోని సూక్ష్మజీవుల వెంట పడింది. వేసవి సెలవుల్లో విద్యార్థుల్ని పిలిపించుకుని, ఖర్చులన్నీ పెట్టుకుని, తమ ప్రయోగశాలల్లో పనిచేయనిచ్చే ఫెలోషిప్పులు విదేశాల్లో కొన్ని ఉంటాయి. కిందటేడు పిల్ల దరఖాస్తు పెట్టిన ప్రతి చోటా చాలా మర్యాదగా పొమ్మన్నారు. ఈసారి చదువుకు చివరి ఏడాది. నార్వే కూడా పొమ్మంటే, చెరువుల మందుల కంపెనీలో ఉద్యోగానికి చేరిపోతానని వాళ్ల నాన్నకు మాటిచ్చింది.

నార్వేవాళ్లు కాగితాలతో పాటు రెండు నిమిషాల వీడియో కూడా అడిగారు. నువ్వెవరు, నీ ప్రశ్న ఏమిటి, నీ నోటితో చెప్పు అని. అక్కడ వచ్చింది చిక్కు. మా సలోమిది బొంగురు గొంతు. చిన్నప్పుడు చర్చి పాటల క్వయర్‌లో చివరి వరసలో నిలబెట్టి, "నువ్వు నోరు ఆడించమ్మా, చాలు" అనేవారు. ఫోనులో తనే ఎన్నోసార్లు తీసుకుంది, విని విని చెరిపేసింది. గడువు దగ్గరపడింది. నేను డిగ్రీలో నాతో చదివిన రత్నమాలకు ఫోన్ చేశాను. తను సినిమాల్లో డబ్బింగ్ చెబుతుంది.

"తీసుకురావే పిల్లని! ఇక్కడ మనకి లేందేముంది?" అంది.

రోడ్డు నంబర్లు

జూబ్లీహిల్స్‌లో రోడ్లకు పేర్లుండవు, నంబర్లుంటాయి. నంబర్లన్నాక ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉంటాయనుకోవడం నా వెర్రితనం. ముప్ఫై ఆరు పక్కన నలభై అయిదు తగులుతుంది. ఆ నంబర్లు వేసినవాడు ఎక్కాలు ఎగ్గొట్టి బడి గోడ దూకిన రకం అయి ఉండాలి.

రత్నమాల ఆ ఉదయం ఏదో స్టూడియోలో పనిలో ఉంది. అక్కడికొచ్చి ఇంటి తాళం తీసుకోమంది. నా చేతిలో థర్మోకోల్ పెట్టె, అందులో ఐసు, ఐసులో మా అన్నయ్య చెరువు రొయ్యలు. ఆటో ఎక్కిన కాసేపటికే పెట్టె కారడం మొదలుపెట్టింది.

"ఏందమ్మా గిది! బండంత నీసు వాసన! ఇగ నా బండి ఎవలెక్కుతరు?" అన్నాడు ఆటో అతను.

"మా ఊళ్లో ఈ వాసన తగిలితే ఎక్కువ తింటారు బాబూ."

"మీ ఊర్ల ఎక్కుతరేమో, గీడ దిగుతరు. మీరు గూడ దిగుండ్రి!"

చెక్‌పోస్ట్ దగ్గర దింపేశాడు. పోతూ పోతూ, "అల్లం ఎక్కువెయ్యాల్న దీనికి?" అని అడిగాడు. పెట్టెలోంచి రెండు గుప్పెళ్లు తీసి కవర్లో పోసి ఇచ్చాను. అప్పటిదాకా నీసు అన్నవాడు దాన్ని సీటు కింద భద్రంగా దాచుకున్నాడు.

అక్కణ్ణుంచి నడక. ఎవర్ని అడిగినా వెంటనే చెయ్యి చాచి దారి చూపించారు. పూలమ్మే ఆవిడ కుడికంది, సూటు వేసుకున్నాయన ఎడమకన్నాడు, మందుల షాపతను వెనక్కి పంపాడు. అందరూ అంత ధీమాగా చెబుతుంటే అనుమానించడానికి మనసొప్పదు. మా ఊళ్లో అయితే తెలియనివాడు "ఏమోనండీ" అని, తెలిసినవాణ్ణి కేకేసి పిలుస్తాడు. ఇక్కడ తెలియదనడం పరువు తక్కువ కాబోలు. చివరికి ఒక గేటు ముందు ఒడిశా నుంచి కొత్తగా వచ్చిన వాచ్‌మన్ రెండు చేతులూ తిప్పేసి, "మాలూమ్ నహీ అమ్మా" అన్నాడు. అతని మాటకు సంతోషించి తలెత్తి చూద్దును కదా, అతని నెత్తి మీద బోర్డు. నేను వెతుకుతున్న స్టూడియో అదే.

శ్రీనగర్ కాలనీలో

"ఒసే ప్రమీలా! ఎంత లావయ్యావే!"

"నీ గొంతొక్కటే సన్నగా ఉందిలే, మిగతాదంతా నాతో సమానమే."

రత్నమాల గొంతు గురించి చెప్పాలి. మొహం చూస్తే ఎవరూ గుర్తుపట్టరు. శ్రీనగర్ కాలనీలో కూరల బండి దగ్గర, "వంకాయలు లేతవేనా అమ్మా?" అని అడిగిందంటే చాలు, పక్కన కొత్తిమీర ఏరుకుంటున్న ఆడవాళ్లు టక్కున తలతిప్పుతారు. ఎక్కడో విన్నాం, ఎక్కడ? ఒకప్పుడు హీరోయిన్లకు చెప్పేది. ఆ పిల్లల్లో తెలుగు వచ్చినవాళ్లు తక్కువ. ఇప్పుడు తల్లులకూ అత్తలకూ చెబుతోంది. సినిమాలో నవ్వేది ఒకరు, ఆ నవ్వు వినిపించేది ఇంకొకరు. అక్కడ దీన్ని ఎవరూ మోసం అనరు. వంటకు ఒకరు, వడ్డనకు ఒకరు ఉన్నట్టే చూస్తారు.

సాయంత్రానికి సలోమి మెట్రోలో వచ్చింది. "బాగున్నారా ఆంటీ" అన్న ఒక్క మాటకే రత్నమాల చెవి అటు తిప్పింది, గీటురాయి మీద బంగారం రుద్ది చూసే కంసాలిలాగా.

"జలుబు చేసిందా తల్లీ?"

"లేదాంటీ. నా గొంతే అంత."

"ఓహో" అని ఊరుకుంది.

గోంగూర వేసి రొయ్యలు వండాను. మా వీధిలో నేను తిరగమోత పెడితే నాలుగిళ్ల అవతల తుమ్ముతారు, అది విని ఇంకో ఇంటావిడ గిన్నె పట్టుకుని వస్తుంది. ఇక్కడ ఇల్లంతా ఘుమాయించినా ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఎదురు ఫ్లాటులో ఎవరుంటారని అడిగితే రత్నమాల కాసేపు ఆలోచించి, "ఎవరో ఉన్నారే, చెప్పులు కనబడతాయి" అంది.

కొబ్బరికాయ, గుమ్మడికాయ

మర్నాడు ఫిలింనగర్. యాదగిరి అని, రత్నమాలను అక్కా అని పిలుస్తాడు, సినిమాలకు ఎడిటింగ్ చేస్తాడు. ఇల్లు మోతీనగర్‌లో, పని ఇక్కడ ఒక మేడ మీది రెండు గదుల్లో. ఆ మేడ పైన డాబా మీద కెమెరా నిలబెట్టాడు. వెనకాల పెద్ద పెద్ద రాతిగుండ్లు, వాటి నెత్తిన ఎక్కి కూర్చున్న ఇళ్లు. మాది చేటలో పోసినట్టు చదునైన డెల్టా. ఇళ్లు ఇలా రాళ్ల మీద ఎక్కి కూర్చుని ఉంటే నాకు వాటికంటే ముందు కళ్లు తిరిగాయి.

రత్నమాల సంచిలోంచి కొబ్బరికాయ, కర్పూరం తీసింది.

"రెండు నిమిషాల దానికి కొబ్బరికాయెందుకయ్యా?" అన్నాను.

"రెండు నిమిషాలైనా బొమ్మ బొమ్మనే మేడం. కాయ కొట్టకుంటె కెమెరా అలుగుతది" అన్నాడు యాదగిరి.

ఆయన కాయ కొట్టి కెమెరాకు హారతిచ్చాడు. మేమిద్దరం కళ్లు మూసుకుని మా ప్రార్థన మేం చేసుకున్నాం. కళ్లు తెరిచేదాకా ఆయన ఓపిగ్గా ఆగి, "అయిందా మేడం? ఇద్దరు దేవుళ్లు రెడీ. ఇగ సౌండొక్కటే రెడీ లేదు" అన్నాడు.

నిజమే. పక్క స్థలంలో పునాదికి బండరాయిని తొలుస్తున్నారు. ఆ మోతలో నా మాట నాకే వినబడలేదు. అది నా జీవితంలో మొదటిసారి.

"ఫికర్ చెయ్యకుండ్రి. నోరు సక్కగ కనవడితె సాలు. మాట తర్వాత డబ్బింగ్‌ల పెట్టుకుందం" అన్నాడు.

పిల్ల మాట్లాడింది. ఎండలో కళ్లు చిట్లించుకుంటూ తన చెరువుల సంగతి, బురద సంగతి ఇంగ్లీషులో గడగడా చెప్పింది. మోతలో ఎవరికీ వినబడదన్న ధైర్యంతో కాబోలు, చేతులు తిప్పుతూ, గట్టు ఇటు, చెరువు అటు అని గాలిలో గీసి చూపిస్తూ, ఎంత బాగా చెప్పిందో! అయిపోగానే గుమ్మడికాయ పగలగొట్టారు. ఏడాది పాటు సినిమా తీసి ముగించినవాళ్లు కొట్టే గుమ్మడికాయ అది. మేం కొట్టించుకున్న గుమ్మడికాయ వయసు ఒక పూట. పిల్ల తన మాటలు రాసుకున్న కాగితం రత్నమాల తీసి సంచిలో పెట్టుకుంది. డబ్బింగ్ ఎవరు చెబుతారని మేమడగలేదు, వాళ్లు చెప్పలేదు. మాకు తెలిసినట్టు మేం, వాళ్లకు తెలిసినట్టు వాళ్లు అనుకున్నాం.

తర్వాత యాదగిరి యూసుఫ్‌గూడ తీసుకెళ్లి ఇరానీ చాయ్, మిర్చి తినిపించాడు. మిర్చి అంటే బజ్జీ. కోసి ఉల్లిపాయలు కూరి ఇస్తారేమోనని చూశాను, ఇవ్వలేదు. ఆ విషయంలో మా ఊరే గెలిచింది. చాయ్ విషయంలో ఓడిపోయాం, ఒప్పుకుంటాను.

కాఫీ

మూడో రోజు పొద్దున వాళ్లు ఎడిటింగ్‌లో ఉంటే సలోమి నన్ను జూబ్లీహిల్స్‌లో ఒక కాఫీ హోటలుకు తీసుకెళ్లింది. ఒక కప్పు ఖరీదు చూసి, మా ఊళ్లో ఈ డబ్బుకి కిలో రొయ్యలొస్తాయన్నాను. "రొయ్యలతో పోల్చకుండా నువ్వు ఏ వస్తువైనా చూడగలవా అత్తా?" అంది. చూడలేను. కాఫీ మీద నురగతో ఆకు బొమ్మ వేశారు. ఆకును తాగేశాక అడుగున మూడు గుక్కలు మిగిలాయి.

"నార్వే రాకపోతే ఏం చేస్తావే నిజంగా?"

"చెప్పాను కదా, మందులమ్ముతాను. 'మా మందు వేస్తే గ్యారంటీ' అని రైతుల కళ్లలోకి చూసి చెప్పాలట. ట్రైనింగ్‌లో మొదట నేర్పేది అదేనట."

"గ్యారంటీ ఉందా?"

"ఎందుకు చస్తున్నాయో తెలియకుండా గ్యారంటీ ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని నవ్వింది. నవ్వుతున్న మొహం కాదది.

తేనె గొంతు

మధ్యాహ్నానికి బొమ్మ తయారైంది. సాయంత్రంతో గడువు ముగుస్తుంది. యాదగిరి గదిలో చీకటి చేసి వేశాడు. తెర మీద మా సలోమి, వెనక రాతిగుండ్లు. నోరు తెరిచింది. బయటికొచ్చింది తేనె. మెత్తగా, గలగలా, పాతికేళ్ల హీరోయిన్ ఇంగ్లీషు. పెదవికీ మాటకూ వెంట్రుకవాసి తేడా లేదు.

నేను లేచి నిలబడ్డాను. "ఎవరే ఇది మాట్లాడుతోంది?"

"నేనే!" అంది రత్నమాల. మొహం వెలిగిపోతోంది. రాత్రంతా తలుపేసుకుని సాధన చేసి, పొద్దున్నే స్టూడియోలో చెప్పేసిందట. "పిల్ల గొంతు కొంచెం... అందుకని. నీ దగ్గర పైసా తీసుకుంటానా? నా మేనకోడలు కాదూ?"

"వాళ్లు నీ నోటితో చెప్పమన్నారే!"

"నోరు దానిదేగా? గొంతేగా నాది!"

"రేపు వాళ్లు ఇంటర్వ్యూకి పిలుస్తారు. అప్పుడేం చేస్తావు, బల్ల కింద కూర్చుంటావా?"

నేను ఎగతాళికన్నాను. యాదగిరి మాత్రం గడ్డం రుద్దుకుంటూ నిజంగానే ఆలోచించాడు. "బల్ల కింద వద్దు మేడం, ఊపిరాడదు. అక్క పక్క గదిల మైకు పెట్టుకోని కూసుంటది. పాప నోరాడిస్తది. గాడ నార్వేల నెట్టు స్లో అనుకుంటరు."

ఆయన మొహంలో నవ్వు లేదు. అంతకంటే ఆశ్చర్యం, మా సలోమి.

"గొడవెందుకత్తా. ఇదే బాగుంది. నా గొంతు వింటే వాళ్లు మధ్యలోనే ఆపేస్తారు. పంపేద్దాం."

"నీ గొంతుకేమైందే? రోగమా?"

"నువ్వు నా గొంతుతో ఒక్కరోజు మాట్లాడి చూడు, తెలుస్తుంది."

నేను మళ్లీ కుర్చీలో కూలబడ్డాను. సరిచూసుకోవడానికి పిల్ల ఇంకోసారి వేయమంది. ముగింపు దగ్గరికొచ్చేసరికి ముందుకు వంగింది.

"ఆంటీ, ఇక్కడ నేనన్నది ఇది కాదు."

నేనూ అప్పుడే విన్నాను. ఒక చెరువు ఎందుకు చస్తుందో, పక్క చెరువు ఎందుకు బతుకుతుందో "మాకింకా తెలియదు" అని పిల్ల ఇంగ్లీషులో అన్న చోట, రత్నమాల గొంతు "ఇప్పుడు నాకు తెలిసింది" అంటోంది. వినడానికి ఎంతో బాగుంది కూడా.

"అదా? నేనే మార్చాను" అంది రత్నమాల గర్వంగా. "క్లైమాక్స్‌లో హీరోయిన్ తెలియదు అంటే ఏం బాగుంటుందే? చూసేవాళ్లు నీరసపడిపోతారు. పెదవి కూడా ఎంత బాగా కూర్చుందో చూడు."

"పెదవైతె అద్దినట్టు కూసుంది" అన్నాడు యాదగిరి.

సలోమి లేచింది. ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"నాకు తెలియలేదు ఆంటీ! ఎవ్వరికీ తెలియలేదు! తెలియదు కాబట్టే తీసుకెళ్లమని అడుగుతున్నాను. తెలిసిపోయిందని చెప్పాక ఇక నార్వే ఎందుకు? ఇక్కడే ఉండి మందులమ్ముకుంటాను కదా! గొంతు మీది పెట్టారు, పోనీలే అనుకున్నాను. నా దగ్గరున్నదల్లా ఆ ఒక్క ముక్కే. దాన్ని కూడా తీసేస్తే ఇంకేం పంపుతాను?"

గది గదంతా ఆ బొంగురు గొంతే. యాదగిరి నోరు తెరుచుకుని చూశాడు. "గీ గొంతు ఇన్నొద్దులు ఏడ దాసినవ్ పాపా? థియేటర్ల కుర్చీలు లేస్తయ్!"

రత్నమాల సంచి భుజాన వేసుకుంది. చున్నీ సర్దుకుంది, చెప్పులేసుకుంది. అలిగి వెళ్లిపోతోందనుకున్నాను.

"కూర్చున్నారేం? పదండి. స్టూడియోలో గంట అడిగి చూస్తాను. లేవే సలోమీ, నీ డబ్బింగ్ నువ్వే చెప్పుకో."

గాజు గది

డబ్బింగ్ గది చిన్నది. గాజు అవతల యాదగిరి మిషన్ల ముందు కూర్చున్నాడు, ఇవతల మైకు, తెర. నేను కూడా లోపలే ఉంటానని పట్టుబట్టాను. "ఉండండి గని, గాలి గూడ పీల్వద్దు" అని ఒట్టు వేయించుకున్నాడు.

తన మాటల్ని తన పెదాలకే అతికించుకోవడం అంత కష్టమని నాకు తెలియదు. పిల్ల తడబడింది. ముందు పరుగెత్తింది, తర్వాత వెనకబడింది. రత్నమాల నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"నీ మొహంలో నువ్వే అద్దెకున్నట్టు మాట్లాడతావేంటే? ఇల్లు నీదే. తలుపు తోసుకుని రా!"

"గొంతు పగులుతోంది ఆంటీ."

"పగలనీ. ఆ పగులుండబట్టే నమ్ముతారు. నన్ను పలకమన్నా నాకు రాదది."

ముక్క ముక్కగా సాగింది. నేను ఊపిరి బిగపట్టి కూర్చున్నాను. చివరి ముక్కకొచ్చింది. ఒక చెరువెందుకు చస్తోంది, రెండోదెందుకు బతుకుతోంది. "మాకింకా తెలియదు" అంది సలోమి, గట్టిగా, ఏ మాత్రం సిగ్గు లేకుండా. అది విని నాకేమైందో, నా నోరు నా ఒట్టును లెక్కచేయలేదు.

"మరి తెలుసుకోవద్దూ!"

పిల్లకు పకపకా నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే చివరి వాక్యం, అందుకే మీ దగ్గరికి రావాలనుకుంటున్నాను అని, చెప్పేసింది.

గాజు అవతల యాదగిరి నెత్తి కొట్టుకుంటున్నాడు. "మేడం! ఏం జెప్పిన నేను?"

మళ్లీ చెప్పించారు. మాట సరిగ్గా వచ్చింది, నవ్వు రాలేదు. ఇంకోసారి. నవ్వు వచ్చింది, అది నవ్వమంటే నవ్విన నవ్వు. స్టూడియోవాళ్లు తలుపు కొడుతున్నారు, తర్వాతి వాళ్లు వచ్చేశారు. రత్నమాల చెయ్యెత్తింది. "మొదటిదే ఉంచు యాదగిరీ. ఆ నవ్వు మళ్లీ రాదు."

"పెదవి కూసోదక్కా."

"పెదవి కనబడకుండా చెయ్యి."

అక్కడ మా అన్నయ్య చెరువు ఫొటో వేశాడు. నీళ్లు కనబడుతుంటే వెనకాల పిల్ల గొంతు, నా అరుపు, నవ్వు. గడువుకు కాస్త ముందుగా పంపేశాం. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, నలుగురం ఒకే పొట్లంలోంచి పల్లీలు తిన్నాం. రత్నమాల తన గొంతుతో చెప్పింది చెరిపేయమంది. యాదగిరి చెరిపేశానన్నాడు. చెరిపి ఉండడు, అంత పనితనాన్ని ఎవరు చెరుపుతారు?

భీమవరం

నేను ఇంటికొచ్చాక కొన్నాళ్లకు పిల్లని కంప్యూటర్ తెర మీద ఇంటర్వ్యూ చేశారు. తర్వాత ఉత్తరం వచ్చింది. రమ్మన్నారు. జూన్‌లో ప్రయాణం. మా అన్నయ్య రెండు చెరువుల గట్ల మీదా తిరిగి వచ్చి, మందుల కంపెనీ వాడికి ఫోన్ చేసి, "మా అమ్మాయికి ఇప్పుడు కుదరదండీ" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మీసం చూడాలి. రత్నమాల వార్త వినగానే ఫోనులో పాతికేళ్ల హీరోయిన్ గొంతుతో కెవ్వున అరిచింది.

ఇదీ హీరో గారి పలుకుబడి. ఇక చర్చి మెట్ల మీద ఎవరైనా అడిగితే ఈ కాగితాలు చదువుకోమంటాను.

ఒక్క సంగతి మాత్రం నాకు తేలలేదు. ఇంటర్వ్యూలో ముగ్గురు శాస్త్రవేత్తలున్నారట. బురద గురించి, చెరువుల గురించి అడిగారట. చివర్లో వాళ్లలో పెద్దావిడ, వీడియోలో అరిచిన ఆ రెండో మనిషి ఎవరు, ఏమంటోంది అని అడిగిందట. సలోమి నా మాటకు అర్థం చెప్పి, ఆ తర్వాత నా గురించి కాసేపు మాట్లాడిందట. ముగ్గురూ ఒకటే నవ్వట, ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడట. ఇంతవరకే చెబుతుంది. ఏం చెప్పావే అంటే చెప్పదు. రొయ్యల పచ్చడి ఆశ చూపించాను, పచ్చడి తింది, చెప్పలేదు. గట్టిగా నిలదీస్తే, "ఉన్నదున్నట్టే చెప్పాను అత్తా" అంటుంది.

ఉన్నదున్నట్టు అంటే ఏమిటి? చదువుకున్న పెద్దమనుషులు ముగ్గురు, ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వేటంతగా నాలో ఉన్నదేమిటి?